గుడ్డుకి తగిలే వేడే ఆడా మగా తేలుస్తుందా? తాబేళ్లు, మొసళ్లు, తొండల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలం చివర్లో మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లో వాటి గుడ్లను కాపాడి పొదిగించే హేచరీ కంచె దగ్గర ఓ గంట నిలబడితే చాలు, అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన టీచర్లు, పొద్దున్నే నడకకి వచ్చే పెద్దవాళ్లు, బైపీసీ విద్యార్థులు అందరికీ అవే అనుమానాలు. కొన్నేళ్లు నోటితో చెప్పాను. గొంతు పోయాక రాయడం మొదలుపెట్టాను.

## మొదటి అనుమానాలు

వేడిని బట్టి ఆడో మగో అవడమేంటండీ? నిజమేనా, వాట్సాప్ కబురా?

నిజమే. మనుషుల్లో ఆడా మగా అన్నది అండం, వీర్యకణం కలిసిన క్షణంలోనే క్రోమోజోములతో తేలిపోతుంది. చాలా రకాల తాబేళ్లలో, ఇంతవరకు పరీక్షించిన మొసలి జాతులన్నిటిలో, కొన్ని బల్లి జాతుల్లో అలా కాదు. గుడ్డు పెట్టేనాటికి లోపలి పిండం ఎటైనా వెళ్లగల స్థితిలో ఉంటుంది. ఆ తర్వాత కొన్ని వారాలపాటు గుడ్డు చుట్టూ ఎంత వేడి ఉందన్నదే తేలుస్తుంది. ఆలివ్ రిడ్లీలో సుమారు 29, 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కడో పిల్లలు సగం ఆడ, సగం మగ పుడతాయి. అంతకంటే చల్లగా ఉంటే మగవి, వేడిగా ఉంటే ఆడవి ఎక్కువవుతాయి. అన్నీ మగవి అయ్యే వేడికీ అన్నీ ఆడవి అయ్యే వేడికీ మధ్య తేడా రెండు మూడు డిగ్రీలే. మన ఇళ్లలో ఏసీ రిమోట్ కోసం కొట్టుకునే తేడా కూడా అంతే!

దీన్ని మొదట ఎవరు గమనించారు?

మాడెలిన్ షార్నియే అనే ఫ్రెంచి పరిశోధకురాలు. పశ్చిమ ఆఫ్రికాలో, సెనెగల్ రాజధాని డకార్‌లో పనిచేస్తూ, అక్కడి అగామా తొండ గుడ్లను వేరువేరు వేడుల్లో పొదిగించి చూశారు. 1966లో ఓ చిన్న వ్యాసం అచ్చువేశారు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1970ల్లో ఫ్రాన్స్‌లో క్లాడ్ పియో తాబేళ్లలో ఇదే చూపించారు. 1982లో మార్క్ ఫెర్గూసన్, టెడ్ జోవానెన్ అమెరికాలోని లూసియానా చిత్తడి నేలల్లో మొసలి జాతికి చెందిన ఆలిగేటర్ గుడ్ల మీద ఇదే సంగతి బయటపెట్టారు. అప్పటికిగానీ జనం నమ్మలేదు.

పాములు, ఉడుములు, ఇంటి చెరువులో తాబేళ్లు అన్నీ ఇంతేనా?

కాదు. పాముల్లో వేడికి ఏ పాత్రా లేదు, అంతా క్రోమోజోములే. ఉడుముల్లోనూ అంతే. తాబేళ్లలో ఎక్కువ రకాలు వేడి మీద ఆధారపడతాయి గానీ, మెత్తని పెంకు తాబేళ్ల కుటుంబంలో మాత్రం క్రోమోజోములదే మాట. మన చెరువుల్లో మామూలుగా కనిపించే తాబేలు ఆ కుటుంబానిదే. అందుకే ఎవరైనా "తాబేలు" అనగానే నేను ముందు "ఏ తాబేలు?" అని అడుగుతాను.

వేడైతే ఆడ, చల్లగా ఉంటే మగ. ఇంతే కదా? పరీక్షలో ఇలా రాస్తే చాలా?

మార్కులు వస్తాయేమో గానీ విషయం పూర్తిగా రాదు. ఈ సూత్రం సముద్ర తాబేళ్లకు, ఇంకా చాలా తాబేళ్లకు సరిపోతుంది. న్యూజిలాండ్‌లో ఉండే, బల్లిలా కనిపించే టువటారా అనే సరీసృపంలో సరిగ్గా తలకిందులు. అక్కడ దాదాపు 22 డిగ్రీలు దాటితే మగవి, అంతకంటే చల్లగా ఉంటే ఆడవి.

మొసళ్లది మూడో దారి. మంజీరా నదిలో, మన జూల్లో కనిపించే మగ్గర్ మొసలి గుడ్ల మీద మద్రాస్ క్రొకడైల్ బ్యాంకులో జెఫ్రీ లాంగ్, హ్యారీ ఆండ్రూస్, రోములస్ విటేకర్ చేసిన పని 1989లో వచ్చింది. 28 నుంచి 31 డిగ్రీల దాకా స్థిరంగా ఉంచిన గుడ్లలోంచి అన్నీ ఆడవే వచ్చాయి. 32.5 దగ్గర అన్నీ మగవి. అటూ ఇటూ కొంచెం జరిగితే రెండూ కలిసి పుట్టాయి. అంటే కింద ఆడ, మధ్యలో ఓ ఇరుకు సందులో మగ, ఆ పైన మళ్లీ ఆడ కలవడం మొదలు. పెంపుడు జంతువుగా విదేశాల్లో బాగా తెలిసిన లెపర్డ్ గెకో బల్లిదీ ఇదే వరస.

ఇక మన పెరట్లో తల ఊపుతూ కూర్చునే తొండ అన్నిటికంటే తిక్కది. ధార్వాడ్‌లోని కర్ణాటక విశ్వవిద్యాలయం పరిశోధకులు వేడి పెంచుకుంటూ పోతే ఆడ, మగ, మళ్లీ ఆడ, మళ్లీ మగ అనే వరస వస్తోందని 2012లో రాశారు. అలాంటి వరస అంతకుముందు ఎవరూ చెప్పలేదు. కాబట్టి జాతి పేరు చెప్పకుండా "వేడైతే ఆడ" అని రాయకండి.

మాకు కోళ్ల ఫారం ఉంది. ఇంక్యుబేటర్ వేడి మారిస్తే అన్నీ పెట్టలే వస్తాయా?

రావు. ఈ ప్రశ్న అడగని సీజన్ లేదు, అడిగేవాళ్ల కళ్లలో ఆశ చూస్తే నాకూ బాధేస్తుంది. కోడిలో పెట్టా పుంజా అన్నది తల్లి అండంలో ఉన్న క్రోమోజోమును బట్టి గుడ్డు పెట్టకముందే తేలిపోతుంది. ఇంక్యుబేటర్‌ను 37.5 డిగ్రీల చుట్టుపక్కల నుంచి అటూ ఇటూ జరిపితే పెట్టలు పెరగవు, గుడ్లు మురిగిపోతాయి.

మరి మనుషుల్లో? వేడి చేసే పదార్థాలు తింటే మగపిల్లాడని మా అత్తయ్య అంటుంది.

దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మనుషుల్లో మగ దారి పట్టించేది వై క్రోమోజోము మీద ఉండే ఎస్ఆర్‌వై అనే జన్యువు. అది తండ్రి వీర్యకణంతో వస్తుంది. పైగా తల్లి ఏం తిన్నా గర్భంలో వేడి 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అత్తయ్యగారికి చెప్పే బాధ్యత మాత్రం మీదే.

## గుడ్డు ఇసుకలో ఉన్నప్పుడు

గుడ్డు లోపల అసలేం జరుగుతుంది? వేడి ఎలా ఆడామగా అవుతుంది?

మొదట్లో పిండంలో ఓ జత బీజకోశాలు తయారవుతాయి. అవి వృషణాలూ కావచ్చు, అండాశయాలూ కావచ్చు. ఎటు వెళ్లాలన్నది ఏ జన్యువు మేలుకుంటుంది, ఏది నిద్రపోతుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

దీన్ని బాగా తవ్వింది చెవి దగ్గర ఎర్ర మచ్చ ఉండే రెడ్ ఇయర్డ్ స్లైడర్ తాబేలులో. అందులో 26 డిగ్రీల్లో మగవి, 32లో ఆడవి పుడతాయి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం, చైనా పరిశోధకులు కలిసి 2018లో చూపించింది ఏమిటంటే, చల్లటి గుడ్లలో కేడీఎం6బీ అనే జన్యువు చురుగ్గా ఉంటుంది. అది డీఎంఆర్‌టీ1 అనే మరో జన్యువుకి పడ్డ తాళం తీస్తుంది. డీఎంఆర్‌టీ1 మేలుకుంటే వృషణం తయారవుతుంది. ఆ తాళం తీసే జన్యువును పనిచేయకుండా చేస్తే, చల్లటి గుడ్లలో కూడా ఎక్కువ పిండాలు ఆడ దారి పట్టాయి.

మరి వేడిలో ఏం మారుతుంది? 2020లో అదే బృందం రెండో ముక్క పట్టుకుంది. వేడి తగిలినప్పుడు కణాల్లోకి కాల్షియం ఎక్కువగా చేరుతుంది. దాంతో స్టాట్3 అనే ప్రొటీన్ చురుకై, వెళ్లి కేడీఎం6బీ నోరు నొక్కేస్తుంది. తాళం తెరుచుకోదు, వృషణం మొదలవదు, బీజకోశం అండాశయం వైపు వెళ్తుంది.

హార్మోన్ల పాత్ర కూడా పెద్దదే. అరోమటేజ్ అనే ఎంజైమ్ మగ హార్మోన్లను ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్‌గా మారుస్తుంది. ఆడ పుట్టే వేడిలో ఈ ఎంజైమ్ పని పెరుగుతుంది. చల్లటి గుడ్డు పెంకు మీద ఈస్ట్రోజన్ రాస్తే ఆడపిల్ల వస్తుందని ఎప్పుడో తెలిసింది. పెంకు మీద పూసిన మందు లోపలి పిల్ల దారి మార్చేస్తుందంటే మొదటిసారి చదివినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు.

పిల్ల బయటికి వచ్చేదాకా ఉన్న రోజులన్నీ లెక్కేనా?

కాదు. పొదిగే కాలాన్ని మూడు వంతులు చేస్తే, నడిమి వంతే ముఖ్యం. ఆలివ్ రిడ్లీ గుడ్లు పొదగడానికి సుమారు 45 నుంచి 60 రోజులు పడుతుంది కాబట్టి, మూడో వారం నుంచి ఆరో వారం లోపు వేడి ఎలా ఉందో చూడాలి. మొదటి వారంలో ఎండ మండినా, చివరి వారంలో వాన కురిసినా ఆడామగా లెక్క పెద్దగా మారదు. చివరి రోజుల్లో పిల్లలు కదులుతూ ఊపిరి తీస్తుంటే గూడు తనంతట తనే రెండు మూడు డిగ్రీలు వేడెక్కుతుంది. అప్పటికే నిర్ణయం అయిపోయి ఉంటుంది కాబట్టి ఆ వేడికి అంత ప్రాధాన్యం లేదు.

మధ్యాహ్నం ఇసుక మీద కాలు పెట్టలేం. అంత వేడిలో గుడ్లు ఉడికిపోవా?

పైన కాలే ఇసుక వేరు, గుడ్లున్న చోటు వేరు. రిడ్లీ గూడు దాదాపు ఒకటిన్నర అడుగు లోతు ఉంటుంది. అంత లోతులో పగటికీ రాత్రికీ తేడా చాలా తక్కువ. చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా, కొంచెం తడిగా ఉంటుంది. లోపల చాలా రోజులపాటు 34 డిగ్రీలు దాటితే మాత్రం ప్రమాదం. అప్పుడు ఆడా మగా మాట అటుంచి, పిండాలే చనిపోవడం మొదలవుతుంది.

ఒక గూట్లో పుట్టినవన్నీ ఒకటేనా? అన్నీ అక్కచెల్లెళ్లేనా?

ఒక్కోసారి అవును. వంద పైచిలుకు గుడ్లు ఒకే గుంతలో ఉంటాయి కాబట్టి చాలా గూళ్లలో ఒకవైపే ఎక్కువ మొగ్గు ఉంటుంది. సగం సగం వేడి దగ్గరున్న గూట్లో మాత్రం రెండూ ఉంటాయి. పైవరసలో, నడుమ, అంచున ఉన్న గుడ్లకి వేడి కొద్దిగా తేడా ఉంటుంది. జనవరి చలిలో పెట్టిన గూడుకీ మార్చి చివర్లో పెట్టిన గూడుకీ తేడా ఇంకా ఎక్కువ. ముందు పెట్టినవాటిలో మగ పాలు, ఆలస్యంగా పెట్టినవాటిలో ఆడ పాలు పెరుగుతాయి. సీజన్ మధ్యలో రెండు గూళ్లు చూసి "ఈ ఏడు అన్నీ ఆడవే" అని పత్రికలకి చెప్పేవాళ్లని చూస్తే నాకు చిరాకు.

తల్లి కావాలని చోటు ఎంచుకుంటుందా?

ఇవాళ కొడుకు, రేపు కూతురు అని అనుకుని ఎంచుకుంటుందనడానికి ఆధారం లేదు. కానీ ఎండలోనా, నీడలోనా, అలకి దగ్గరా దూరమా అన్న అలవాటు వల్ల ఫలితం మారుతుంది. లూసియానా ఆలిగేటర్లలో తడిసిన చిత్తడిలో కట్టిన చల్లటి గూళ్లలో ఆడవి, పొడిగట్టు మీద కట్టిన వెచ్చటి గూళ్లలో మగవి ఎక్కువగా పుట్టాయి.

## హేచరీలో

గుడ్లు తవ్వి తెచ్చి హేచరీలో పెడితే సహజమైన లెక్క మారిపోదా?

మారే అవకాశం ఉంది. ఈ ప్రశ్న అడిగినవాళ్లకి నేను కుర్చీ వేస్తాను. కుక్కలు, నక్కలు, గుడ్లు ఎత్తుకుపోయేవాళ్ల నుంచి కాపాడటానికి శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరంలో గుడ్లను కంచె లోపలికి మారుస్తారు. మార్చిన చోట ఇసుక నల్లగా ఉంటే వేడి ఎక్కువ, గుంత లోతు తగ్గితే వేడి ఎక్కువ, గూళ్లు దగ్గరదగ్గరగా ఉంటే వేడి ఎక్కువ. తల్లి తవ్విన లోతు, ఆకారం అలాగే ఉండేలా చూడటం, గూటికీ గూటికీ దూరం ఉంచడం అందుకే.

నేను సాయం చేసిన ఓ చోట ఒక ఏడు నీడవల ఆలస్యంగా కట్టారు. కంచె ఈశాన్యం మూల వరస అంతా తెల్లవార్లూ చల్లగా, పగలంతా ఎండలో. అక్కడి గూళ్లు మిగతావాటికంటే వారం ముందే తెరుచుకున్నాయి. అప్పుడు అందరం "భలే, తొందరగా వచ్చేశాయి" అని సంతోషించాం. తొందరగా వచ్చాయంటే గూడు వేడిగా ఉండేదని, బహుశా ఆ వరసలో మగపిల్ల లేనే లేదని తర్వాత తట్టింది.

నీడవల కట్టడం, నీళ్లు చల్లడం నిజంగా పనిచేస్తాయా?

పనిచేస్తాయి. నీడ వల్ల ఇసుక వేడి తగ్గుతుంది, తడి వల్లా తగ్గుతుంది. కానీ అతి చేస్తే గుడ్లకి గాలి ఆడదు, బూజు పడుతుంది. థర్మామీటర్ లేకుండా బకెట్లతో నీళ్లు పోయడం కంటే ఏమీ చేయకపోవడం నయం. గూళ్ల మధ్య, గుడ్లున్న లోతులో వేడి కొలిచే చిన్న డేటా లాగర్ పాతిపెడితే అంచనాలతో పని ఉండదు.

తీరం పొడుగునా సరుగుడు తోటలున్నాయిగా, ఆ నీడ మంచిదే కదా?

మగపిల్లల కోణంలో చూస్తే చల్లదనం నిజమే. కానీ తోట మరీ అల దాకా వచ్చేస్తే తాబేలు గూడు పెట్టడానికి తెరిపి ఇసుకే మిగలదు. వేళ్లు గూళ్లలోకి దూరతాయి. సరుగుడు అన్నిచోట్లా మేలూ కాదు, అన్నిచోట్లా కీడూ కాదు.

గుడ్డు తిరగేస్తే ఏమవుతుంది? కోడిగుడ్డు తిప్పుతాం కదా.

కోడిగుడ్డు తిప్పాలి, తాబేలు గుడ్డు తిప్పకూడదు. పెట్టిన కొన్ని గంటల తర్వాత పిండం పెంకు లోపలి పొరకి అతుక్కుంటుంది. ఆ తర్వాత తలకిందులు చేస్తే చనిపోవచ్చు. అందుకే గుడ్లు మార్చేదేదో పెట్టిన రాత్రే మారుస్తారు. మీకు గూడు కనిపిస్తే తవ్వకండి, అటవీ శాఖ వాళ్లకి చెప్పండి. ఆలివ్ రిడ్లీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది.

ఒక మగది చాలా ఆడవాటితో కలుస్తుంది కదా. కావాలనే ఆడవే ఎక్కువ పుట్టిస్తే సంతానం పెరగదా?

ఈ లెక్క వినడానికి బాగుంటుంది, కొంతవరకు నిజం కూడా. సముద్ర తాబేళ్లలో ఆడవి సాధారణంగా కొన్నేళ్లకోసారి గూడుకొస్తే మగవి అంతకంటే తరచుగా జతకి వస్తాయి. కాబట్టి పుట్టుకలో ఆడవి కొంచెం ఎక్కువున్నా ఇబ్బంది లేదు. కానీ ఇప్పుడు పుట్టిన పిల్ల పెద్దదవడానికి పదేళ్లు పైనే పడుతుంది. మగవి మరీ తగ్గిపోయాయన్న సంగతి మనకి తెలిసేసరికి ఆ తప్పు చాలా సీజన్లు జరిగిపోయి ఉంటుంది. అందుకే కొంత చల్లటి, కొంత వెచ్చటి గూళ్లు కలగలిపి ఉంచడమే నాకు నచ్చిన పద్ధతి.

## పిల్ల బయటికొచ్చాక

చేతిలో పట్టుకున్న పిల్లని చూసి ఆడో మగో చెప్పగలరా?

చెప్పలేం. ఎవరైనా చెబితే నమ్మకండి. పైకి ఏ తేడా ఉండదు. చనిపోయిన పిల్లల బీజకోశాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే తెలుస్తుంది. కొంచెం పెరిగినవాటిలో సన్నటి గొట్టం కెమెరాతో లోపల చూస్తారు. రక్తంలో ప్రత్యేక ప్రొటీన్లు వెతికే పద్ధతులూ ఇటీవల వచ్చాయి. హేచరీల్లో మాత్రం గూటి వేడి, పొదిగిన రోజుల సంఖ్య చూసి అంచనా వేస్తారు.

పెద్దవాటిలో ఎలా గుర్తుపట్టాలి? మగవి ఒడ్డున కనిపించవేం?

పెద్ద మగ తాబేలుకి తోక బాగా పొడుగ్గా, పెంకు దాటి బయటికి ఉంటుంది. ఆడదాని తోక పొట్టిది. మగవి పుట్టినరోజు సముద్రంలోకి వెళ్తే మళ్లీ దాదాపుగా ఒడ్డు ఎక్కవు. మనకి కనిపించే మగది చాలావరకు వలలో చిక్కి చచ్చి కొట్టుకొచ్చిందే. మన రాష్ట్రంలో సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది, తాబేళ్లు వచ్చేదేమో దానికి ముందు నెలల్లో.

మా అక్వేరియంలో తాబేలుంది. హీటర్ పెడితే మారిపోతుందా?

మారదు. గుడ్డులో తేలిపోయిన సంగతి బయట మారదు. అది రెడ్ ఇయర్డ్ స్లైడర్ అయితే, మగదానికి ముందు కాళ్ల గోళ్లు పొడుగ్గా, తోక లావుగా ఉంటాయి, ఆడది ఒళ్లు పెద్దది. విసుగొచ్చి చెరువులో మాత్రం వదలకండి. అది మన జాతి కాదు, మన తాబేళ్ల తిండీ చోటూ లాక్కుంటుంది.

## ఎండలు పెరిగితే

భూమి వేడెక్కితే మగ తాబేళ్లే లేకుండా పోతాయా?

కొన్నిచోట్ల అటువైపు వెళ్తున్న గుర్తులు గట్టిగానే ఉన్నాయి. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలో పుట్టిన పచ్చ సముద్ర తాబేళ్లను లెక్కవేసి 2018లో ప్రకటించారు. పిల్లల్లో 99.1 శాతం, కాస్త ఎదిగినవాటిలో 99.8 శాతం, పెద్దవాటిలో 86.8 శాతం ఆడవి. అదే రీఫ్ దక్షిణాన చల్లటి తీరాల్లో పుట్టినవాటిలో ఆడవి 65 నుంచి 69 శాతమే. పెద్దవాటికంటే చిన్నవాటిలో మగవి తక్కువున్నాయంటే, ఈ మొగ్గు ముదురుతోందన్నమాట.

టువటారాకి తలనొప్పి రెండో వైపు నుంచి. వేడెక్కితే అక్కడ తగ్గేది ఆడవి. కుక్ జలసంధిలోని నార్త్ బ్రదర్ దీవిలో ఇప్పటికే మగవే ఎక్కువ.

జంతువులు తామే సర్దుకోలేవా?

కొంత సర్దుకుంటాయి. సీజన్‌లో ముందుగా గుడ్లు పెట్టడం, కొత్త తీరాలకి వెళ్లడం ఇప్పటికే కొన్ని జాతుల్లో గమనించారు. అయితే రిడ్లీలకైనా, పచ్చ తాబేళ్లకైనా చల్లటి తీరం దొరకాలి. దొరికిన తీరంలో సిమెంటు గోడ, రిసార్టు లైట్లు ఉండకూడదు. ఆస్ట్రేలియాలో బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లి ఇంకో వింత చూపించింది. దానికి క్రోమోజోములూ ఉన్నాయి. కానీ గుడ్డుకి 32 డిగ్రీలు దాటిన వేడి తగిలితే మగ క్రోమోజోములున్న పిండం కూడా ఆడదైపోతుంది. అలాంటివి అడవిలోనే ఉన్నాయని 2015లో తేలింది. అవి గుడ్లు కూడా పెడతాయి. వాటి పిల్లల్లో ఆ తర్వాత ఆడామగా తేల్చేది క్రోమోజోములు కాదు, వేడే.

అసలు ఇంత ప్రమాదకరమైన పద్ధతి ఎందుకు వచ్చింది?

ఒక గట్టి వివరణ ఉంది. ఏ వేడిలో పుడితే మగది బాగా రాణిస్తుందో ఆ వేడిలో మగవి, ఏ వేడిలో ఆడది రాణిస్తుందో అందులో ఆడవి పుడితే లాభం. దీన్ని 1977లో ఎరిక్ చార్నోవ్, జేమ్స్ బుల్ ప్రతిపాదించారు. డేనియల్ వార్నర్, రిచర్డ్ షైన్ సిడ్నీలో జాకీ డ్రాగన్ బల్లుల మీద పరీక్షించి 2008లో రాశారు. హార్మోను మందుతో, మామూలుగా మగవి పుట్టని వేడిలో కూడా మగవి పుట్టించి, ఆరుబయట పెంచి, ఎవరికి ఎంత సంతానమో లెక్కపెట్టారు. సహజంగా మగవి పుట్టే వేడిలో వచ్చిన మగవాటికే పిల్లలు ఎక్కువ. అన్ని జాతులకీ ఇదే కారణమని చెప్పలేం. వందేళ్లు బతికే టువటారాని ఇలా పరీక్షించాలంటే పరిశోధకుడి మనవడు ముగించాల్సిందే.

డైనోసార్లు కూడా ఇలాగే, అన్నీ మగవే పుట్టి అంతరించాయట కదా?

అలాంటి ఊహ ఒకటి ఉంది. నాకు బలహీనంగా అనిపిస్తుంది. వేడి మీద ఆధారపడే తాబేళ్లు, మొసళ్లు 6.6 కోట్ల ఏళ్ల కిందటి ఆ విపత్తు దాటి వచ్చాయి. డైనోసార్ల వంశంలో మిగిలిన పక్షులకేమో వేడితో పనిలేదు, క్రోమోజోములే.